చేతిపిడి చలనచిత్ర కెమెరాలు: తయారీదారులు, యంత్రరచన, వేగనియంత్రణ

వ్యాససంగ్రహం:

1895 నుంచి 1920ల చివరి వరకు వచ్చిన మూకీ చిత్రాలలో అధికభాగం ఛాయాగ్రాహకుడు చేతితో పిడి తిప్పుతూ నడిపిన కెమెరాలతో చిత్రితమైనవే. చలనచిత్ర చరిత్రరచన దర్శకులకు, నటీనటులకు, ‘తొలి చిత్రం’ ఏదన్న చర్చకు ఇచ్చినంత చోటు ఈ యంత్రాలకు, వాటిని రూపొందించిన పనివారికి ఇవ్వలేదు. ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశాలలో తయారైన ప్రధానమైన చేతిపిడి కెమెరాల యంత్రరచనను ఈ వ్యాసం వివరిస్తుంది. పిడి స్థానం, ఫిల్మును కదిపే పద్ధతి, పెట్టె నిర్మాణం వంటి సాంకేతికాంశాలు చిత్రీకరణ విధానాన్ని ఎలా మలిచాయో చర్చిస్తుంది. చేతివేగం ఫిల్ముపై ఎక్కడా అంకెగా నమోదు కాకపోవడం వల్ల మూకీ చిత్రాల నిడివి నిర్ణయంలో, డిజిటలీకరణలో తలెత్తే సమస్యను భారతీయ ఉదాహరణలతో నిరూపిస్తుంది.

కీలకపదాలు: మూకీ చిత్రాలు, చేతిపిడి కెమెరా, సినిమాటోగ్రాఫ్, విలియంసన్, పాతే, డెబ్రీ, బెల్ అండ్ హోవెల్, ఫ్రేముల వేగం, ఫాల్కే.

1. ఉపోద్ఘాతం:

చేతితో తిప్పే కెమెరా అనగానే విద్యుత్తు అందుబాటులో లేని రోజుల తాత్కాలిక సాధనమన్న భావన కలుగుతుంది. చరిత్రక్రమం ఈ భావనను సమర్థించదు. చలనచిత్రాల కోసం అమెరికాలో రూపొందిన తొలి ప్రధాన కెమెరా విద్యుత్తుతోనే నడిచింది. దాని తరువాత వచ్చిన ఫ్రెంచి యంత్రం విద్యుత్తును విడిచి చేతిపిడిని ఎంచుకొంది. ఆ ఎంపికే మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతటా నిలిచింది. మోటారు తెలిసిన కాలంలోనే చేతిపిడి ఎందుకు నిలిచింది? దానితో ఛాయాగ్రాహకునికి ఏ అధికారం సంక్రమించింది? ఆ అధికారం నేటి పరిశోధకునికి ఏ చిక్కును మిగిల్చింది? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

2. చేతిపిడి కెమెరా పనిచేసే తీరు:

చలనచిత్ర కెమెరా నిజానికి చలనాన్ని చిత్రించదు. ఒకదాని వెంట ఒకటిగా నిశ్చలచిత్రాలను తీస్తుంది. అందుకు ఫిల్ము కటకం వెనుక క్షణకాలం కదలకుండా నిలవాలి, వెలుగు సోకాలి, వెలుగు మూసుకొన్న తరువాత సరిగ్గా ఒక ఫ్రేము మేర కిందికి జరగాలి, మళ్లీ నిలవాలి. ఈ ఆగి కదిలే నడకను సాధించడమే కెమెరా తయారీదారుల ముందున్న మొదటి సమస్య.

పిడిని తిప్పినప్పుడు దాని గుండ్రని, ఎడతెగని చలనం పళ్లచక్రాల ద్వారా మూడు భాగాలకు చేరుతుంది. మొదటిది ఫిల్ము అంచులలోని రంధ్రాలలో చొరబడి దానిని కిందికి లాగే కొక్కెం. రెండవది ఫిల్ము కదిలేటప్పుడు వెలుగును అడ్డగించే షట్టరు. ఇది కొంతభాగం కోసివేసిన పలుచని బిళ్ల. మూడవది ఫిల్మును చుట్టనుంచి విప్పి, చిత్రం తీసిన తరువాత మరొక చుట్టకు చేర్చే పళ్లచక్రాల జత. ఎడతెగక తిరిగే ఈ చక్రాలకూ, ఆగి ఆగి లాగే కొక్కేనికీ మధ్య ఫిల్ము తెగిపోకుండా పైనా కిందా కొంత ఫిల్మును వదులుగా వంపుతిప్పి ఉంచుతారు. అమెరికాలో లాథమ్ కుటుంబం పేరిట ప్రసిద్ధమైన ఈ వంపు పొడవైన ఫిల్ము వాడకాన్ని సాధ్యం చేసింది.

చాలా కెమెరాలలో పిడి ఒకసారి తిరిగితే ఎనిమిది ఫ్రేములు నడుస్తాయి. సెకనుకు రెండు చుట్ల చొప్పున తిప్పితే పదహారు ఫ్రేములు వస్తాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి కనుక సెకనుకు ఒక అడుగు, నిమిషానికి 60 అడుగులు ఖర్చవుతాయి. మూకీల కాలపు లెక్కలన్నీ ఈ సులభమైన సంబంధం మీద నిలిచినవే.

3. మోటారు నుంచి చేతికి - ఎడిసన్, లూమియేర్:

చలనాన్ని వరుస చిత్రాలుగా నమోదు చేసే ప్రయత్నం శాస్త్రజ్ఞుల నుంచి మొదలైంది. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే 1882లో తుపాకి ఆకారంలో రూపొందించిన సాధనం సెకనుకు 12 చిత్రాలు తీసింది. పక్షుల రెక్కల కదలికను విశ్లేషించడం ఆయన లక్ష్యం. 1888లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో లూయీ లె ప్రెన్స్ ఒకే కటకం గల కెమెరాతో కాగితపు ఫిల్ముపై దృశ్యాలను చిత్రించాడు. 1890లో రైలు ప్రయాణంలో ఆయన అదృశ్యం కావడంతో ఆ కృషి అర్ధాంతరంగా ఆగిపోయింది.

అమెరికాలో థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో డబ్ల్యు.కె.ఎల్. డిక్సన్ ప్రధానపాత్ర వహించి రూపొందించిన కైనెటోగ్రాఫ్ విద్యుత్ మోటారుతో నడిచేది. ఫ్రేముకు ఇరువైపులా నాలుగేసి రంధ్రాలు గల 35 మిల్లీమీటర్ల ఫిల్ము రూపం ఈ ప్రయోగాల నుంచే వచ్చింది. అయితే ఆ యంత్రం మిక్కిలి బరువైనది. దృశ్యం ఉన్న చోటికి కెమెరా వెళ్లలేదు కనుక దృశ్యమే కెమెరా వద్దకు రావలసి వచ్చింది. న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్‌లో 1893 నాటికి సిద్ధమైన ‘బ్లాక్ మరియా’ స్టూడియో ఈ అవసరం నుంచి పుట్టింది. నర్తకులు, మల్లయోధులు, వినోదప్రదర్శకులు అక్కడికి వచ్చి నల్లని తెర ముందు ప్రదర్శన ఇచ్చేవారు. సూర్యకాంతి కోసం ఆ కట్టడాన్నే చుట్టూ తిప్పేవారు.

లియాన్ నగరంలో ఛాయాగ్రహణ పలకల కర్మాగారం నడిపిన లూమియేర్ సోదరులు ఒగుస్త్, లూయీ 1895 ఫిబ్రవరి 13న సినిమాటోగ్రాఫ్‌కు పేటెంటు పొందారు. తొలి నమూనాను వారి కర్మాగారంలోని యంత్రపనివాడు షార్ల్ మ్వాసోఁ తయారుచేయగా, తరువాత ఉత్పత్తిని పారిస్‌లో సూక్ష్మ పరికరాల తయారీకి పేరొందిన జూల్ కార్పాంతియే చేపట్టాడు. ఫిల్మును లాగే కొక్కేనికి కుట్టుమిషనులో బట్టను జరిపే అమరిక ప్రేరణ అయింది. సూది పైకి లేచినప్పుడే బట్ట జరుగుతుంది, దిగినప్పుడు నిలుస్తుంది. ఫిల్ముకు కావలసిన నడక అదే.

సుమారు 5 కిలోల బరువున్న ఈ చెక్కపెట్టె కెమెరాగా, ప్రతులు తీసే సాధనంగా, ప్రదర్శన యంత్రంగా మూడు విధాల ఉపయోగపడింది. సుమారు 17 మీటర్ల ఫిల్ము అందులో పట్టేది. దానితో దాదాపు 50 సెకన్ల దృశ్యం వచ్చేది. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కాఫేలో రుసుముతో కూడిన తొలి బహిరంగ ప్రదర్శన జరిగిన ఆరు నెలలకే, 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో లూమియేర్ చిత్రాల ప్రదర్శన జరిగింది. పగలు చిత్రించి, దొరికిన చోట రసాయనాలతో కడిగి, రాత్రి ప్రదర్శించగల వీలు చేతిపిడి వల్లనే కలిగింది. విద్యుత్తు సరఫరాతో నిమిత్తం లేకపోవడం, బరువు తగ్గడం అనే రెండు గుణాలు కెమెరాను స్టూడియో నుంచి వీధికి తెచ్చాయి. కర్మాగారం నుంచి వెలుపలికి వచ్చే శ్రామికులు, స్టేషనులో ఆగే రైలు, ఓడరేవు, ఊరేగింపు చిత్రవస్తువులుగా మారడానికి ఈ యంత్రస్వభావమే కారణం.

4. ఇంగ్లండు తయారీదారులు:

ఇంగ్లండులో కెమెరా తయారీ శాస్త్రపరికరాల దుకాణాల నుంచి, చిన్న యంత్రశాలల నుంచి పుట్టింది. లండన్‌లోని హాటన్ గార్డెన్‌లో పరికరాల తయారీదారుడైన రాబర్ట్ పాల్, ఎడిసన్ కైనెటోస్కోప్‌కు ఇంగ్లండులో పేటెంటు లేదని గ్రహించి దాని ప్రతిరూపాలను తయారుచేశాడు. వాటిలో చూపడానికి చిత్రాలు కావలసి రావడంతో 1895లో బర్ట్ ఏకర్స్‌తో కలిసి కెమెరాను నిర్మించాడు. అంటే ఇక్కడ ప్రదర్శనయంత్రం కెమెరా పుట్టుకకు కారణమైంది.

దక్షిణ తీరంలోని బ్రైటన్, హోవ్ పట్టణాలలో ఇంజనీరు ఆల్ఫ్రెడ్ డార్లింగ్ అక్కడి చిత్రరూపకర్తలకు కెమెరాలు, ఇతర పరికరాలు చేసి ఇచ్చాడు. వారిలో ఒకడైన జేమ్స్ విలియంసన్ వృత్తిరీత్యా మందుల దుకాణదారుడు. 1901లో వచ్చిన ‘ఫైర్’, ‘ది బిగ్ స్వాలో’ వంటి చిత్రాలతో పేరుపొందిన ఆయన తరువాత చిత్రనిర్మాణం విడిచి పరికరాల తయారీలో స్థిరపడ్డాడు. చెక్కపెట్టె, సాదా అమరిక, అందుబాటు ధర గల విలియంసన్ కెమెరాలు భారతీయ సినిమాకు కూడా ముఖ్యమైనవి.

జాన్ ఆల్ఫ్రెడ్ ప్రెస్ట్‌విచ్ లండన్‌లోని టాటెన్‌హామ్‌లో కెమెరాలు, ప్రదర్శన యంత్రాలు తయారుచేశాడు. తరువాతి కాలంలో మోటారుసైకిళ్ల ఇంజన్ల తయారీదారుగా ప్రసిద్ధుడయ్యాడు. మోయ్, బాస్టీల పేరిట వచ్చిన కెమెరా బ్రిటిష్ ఛాయాగ్రాహకుల అభిమానపాత్రమైంది. 1916లో ‘ది బాటిల్ ఆఫ్ ది సోమ్’ చిత్రీకరణలో జెఫ్రీ మాలిన్స్ ఈ కెమెరాను వాడాడు. ట్రైపాడ్ నిలిపి, తల బయటపెట్టి, నిలకడగా పిడి తిప్పవలసిన యంత్రంతో కందకాలలో చిత్రించడం ఎంత ప్రమాదకరమో ఊహించవచ్చు. దాడి దృశ్యాలలో కొన్నింటిని యుద్ధభూమికి దూరంగా తిరిగి నటింపజేసి తీశారని పరిశోధకులు నిర్ధారించిన విషయాన్ని ఈ యంత్రపరిమితి వెలుగులో కూడా పరిశీలించాలి.

5. ఫ్రాన్సు - పాతే, డెబ్రీ:

పాతే సంస్థ 1902లో లూమియేర్ పేటెంట్లను పొంది, వాటి ఆధారంగా వృత్తిపరమైన కెమెరాను అభివృద్ధి చేసింది. ఈ తయారీలో పియేర్ విక్టర్ కాంతెన్సూజా యంత్రశాల పాత్ర ముఖ్యమైనది. నల్లని తోలు కప్పిన చెక్కపెట్టె, దానిపై సుమారు 120 మీటర్ల ఫిల్ము పట్టే పెట్టెలు, వెనుకవైపు పిడి ఈ కెమెరా గుర్తులు. లూమియేర్ కెమెరాతో ఒక్క నిమిషం కూడా నిలవని దృశ్యం ఇప్పుడు ఆరు నిమిషాలకు పైగా సాగగలిగింది. డి.డబ్ల్యు. గ్రిఫిత్ చిత్రాల ఛాయాగ్రాహకుడు బిల్లీ బిట్జర్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ (1915) చిత్రాన్ని పాతే కెమెరాతోనే తీశాడు.

జోసెఫ్ డెబ్రీ యంత్రశాల నుంచి 1908లో వచ్చిన ‘పార్వో’ మరొక మార్గం చూపింది. లాటిన్‌లో ‘చిన్నది’ అనే అర్థాన్నిచ్చే పదం నుంచి ఈ పేరు వచ్చింది. పైకి పొడుచుకు వచ్చే పెట్టెలకు బదులు ఇందులో ఫిల్ము చుట్టలు రెండూ కెమెరా లోపలనే, యంత్రానికి చెరొకవైపు అమరుతాయి. అందువల్ల 120 మీటర్ల ఫిల్ము పట్టే కెమెరా కూడా ఒక చిన్న పెట్టెలో ఇమిడింది. ఫిల్ము గుండానే దృశ్యాన్ని చూసి స్పష్టతను సరిచూసుకొనే వీలు దీని మరొక విశేషం. ఆంద్రే డెబ్రీ కాలంలో లోహనిర్మాణంతో ఇది మరింత మెరుగుపడింది. జీగా వెర్తోవ్ ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ (1929) చిత్రంలో కెమెరామన్ భుజాన మోసుకొని నగరమంతా తిరిగే యంత్రం పార్వోయే.

6. అమెరికా - పేటెంటు వివాదాల నుంచి లోహపు కెమెరా వరకు:

అమెరికాలో కెమెరా నిర్మాణాన్ని యంత్రశాలతో పాటు న్యాయస్థానం కూడా నిర్దేశించింది. రంధ్రాల ఫిల్మును పళ్లచక్రంతో నడిపే పద్ధతిపై ఎడిసన్ హక్కు ప్రకటించుకొన్నాడు. ఎడిసన్ సంస్థ నుంచి బయటకు వచ్చిన డిక్సన్ సహకారంతో హెర్మన్ కాస్లర్ రూపొందించిన బయోగ్రాఫ్ కెమెరా మరింత వెడల్పైన, రంధ్రాలు లేని ఫిల్మును వాడింది. చిత్రం తీసే సమయంలోనే యంత్రం ఫిల్ముకు రంధ్రాలు చేసేది. ఎడిసన్ పేటెంటును తప్పించుకోవడానికి అనువైన ఈ అమరిక 1907 నాటి తీర్పులో ఫలించింది. బయోగ్రాఫ్ కెమెరా ఎడిసన్ హక్కును అతిక్రమించలేదని, వార్విక్ అనే ఇంగ్లీషు కెమెరా అతిక్రమించిందని న్యాయస్థానం తేల్చింది.

1908 డిసెంబరులో ఎడిసన్, బయోగ్రాఫ్ వర్గాలు ఏకమై మోషన్ పిక్చర్ పేటెంట్స్ కంపెనీని స్థాపించాయి. ఫిల్ము తయారీలో అగ్రగామి అయిన ఈస్ట్‌మన్ సంస్థతో కుదుర్చుకొన్న ఒప్పందం ఆ కంపెనీ ఆధిపత్యాన్ని బలపరిచింది. స్వతంత్ర చిత్రనిర్మాతలకు ఏ కెమెరా వాడుతున్నారన్నది దాచుకోవలసిన విషయంగా మారింది. 1915లో ఫెడరల్ న్యాయస్థానం ఈ కూటమి చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది.

ఈ నేపథ్యంలో 1907లో చికాగోలో డొనాల్డ్ బెల్, ఆల్బర్ట్ హోవెల్ నెలకొల్పిన సంస్థ దృష్టి కచ్చితత్వం మీద నిలిచింది. ఒకే వెడల్పు ఫిల్ము, ఒకే ఎడంలో రంధ్రాలు లేనంతకాలం ఏ కెమెరాతో తీసిన చిత్రమైనా తెరపై వణకక తప్పదు. బెల్ అండ్ హోవెల్ రంధ్రాలు చేసే యంత్రం ఈ కొలతలను స్థిరపరచడంలో కీలకమైంది. 1910ల ఆరంభంలో ఆ సంస్థ ‘2709’ నమూనాను తెచ్చింది. అల్యూమినియం మిశ్రలోహపు పెట్టె, ముందుభాగంలో తిరిగే పళ్లెంపై నాలుగు కటకాలు, పైన రెండు గుండ్రని ఫిల్ము పెట్టెలు దీని ఆకృతి. అసలు విశేషం లోపల ఉంది. వెలుగు సోకే క్షణంలో ఫిల్ము రంధ్రాలు కదలని లోహపు సూదులపై నిలుస్తాయి. ప్రతి ఫ్రేమూ సరిగ్గా అదే చోట నిలిచేది కనుక ఒకే ఫిల్మును వెనక్కి తిప్పి రెండవసారి చిత్రించినా రెండు చిత్రాలు అతికినట్లు కలిసేవి.

మార్టిన్, ఓసా జాన్సన్ దంపతులు ఆఫ్రికాకు తీసుకెళ్లిన చెక్క కెమెరాలను చెదలు తినివేయడం వల్ల ఈ లోహపు కెమెరా పుట్టిందన్న కథ తరచు వినిపిస్తుంది. ఆ దంపతుల తొలి ఆఫ్రికా యాత్ర 1921లో జరిగింది. అప్పటికి లోహపు కెమెరా వచ్చి సుమారు దశాబ్దం గడిచింది. యంత్రాల చరిత్రలో కూడా తేదీలను సరిచూడవలసిన అవసరాన్ని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది. 1919లో ఏర్పడిన మిచెల్ సంస్థ, జాన్ లెనార్డ్ రూపకల్పన ఆధారంగా మరొక సౌకర్యం చేర్చింది. కెమెరా పెట్టెను పక్కకు జరిపి, కటకం గుండా నేరుగా దృశ్యాన్ని కూర్చుకొని, మళ్లీ యథాస్థానానికి తెచ్చే వీలు అది.

7. పిడి నుంచి విముక్తి కోసం ప్రయత్నాలు:

పిడి తిప్పే చేయి ఒకటి, కెమెరాను పక్కలకు, పైకి కిందికి జరిపే మరచక్రాలు తిప్పే చేయి మరొకటి. రెండు చేతులూ రెండు వేర్వేరు వేగాలతో పనిచేయాలి. అందువల్ల ట్రైపాడ్ లేని చేతిపిడి కెమెరా దాదాపు అసాధ్యం. ఈ బంధాన్ని తెంచడానికి ఇద్దరు రూపశిల్పులు చేసిన కృషి గమనించదగినది.

పోలండుకు చెందిన కాజిమీర్జ్ ప్రోషిన్‌స్కీ రూపొందించిన ఏరోస్కోప్ కెమెరా 1910 ప్రాంతంలో ఇంగ్లండులో తయారైంది. సైకిలు పంపు వంటి సాధనంతో ముందుగా నింపిన గాలి ఒత్తిడి ఫిల్మును నడిపేది. లోపల తిరిగే గైరోస్కోపు కెమెరాను నిలకడగా ఉంచేది. వన్యమృగాలను చిత్రించిన చెర్రీ కియర్టన్‌కు, యుద్ధరంగ ఛాయాగ్రాహకులకు ఇది ఉపకరించింది. దాని సృష్టికర్త 1945లో నాజీల మౌత్‌హౌసెన్ నిర్బంధశిబిరంలో మరణించాడు.

అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో జంతురూపాలను నిలిపే శిల్పిగా పనిచేసిన కార్ల్ ఎకెలీ, పరుగెత్తే జంతువును కెమెరాతో వెంబడించలేక తానే ఒక గుండ్రని కెమెరాను నిర్మించాడు. 1915లో పేటెంటు పొందిన ఈ కెమెరాలో పిడి నిలిచి ఉన్నా, మరచక్రాల అవసరం లేకుండా ఒకే చేతికర్రతో అన్ని దిక్కులకూ మృదువుగా తిప్పే తల అమరింది. రాబర్ట్ ఫ్లాహెర్టీ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ (1922) కోసం ఆర్కిటిక్ ప్రాంతానికి తీసుకెళ్లినవి ఎకెలీ కెమెరాలే.

8. చేతివేగం - కాలం, వెలుగు, కల్పన:

చేతిపిడి ఛాయాగ్రాహకునికి ఇచ్చిన ప్రధాన అధికారం కాలంపై అధికారం. సెకనుకు 16 ఫ్రేముల వేగంతో ప్రదర్శించే చిత్రాన్ని 12 ఫ్రేముల వేగంతో తీస్తే తెరపై చలనం మూడింట ఒకవంతు వేగంగా కనిపిస్తుంది. పోరాటాలు, వెంటాడే దృశ్యాలు, హాస్యఘట్టాలు ఇలా నెమ్మదిగా తిప్పి తీసినవే. గంభీరమైన దృశ్యాలకు కొంచెం వేగంగా తిప్పేవారు. నేటికీ ఛాయాగ్రాహకుల పరిభాషలో వాడే ‘ఓవర్‌క్రాంక్’, ‘అండర్‌క్రాంక్’ అనే మాటలు పిడి పోయినా మిగిలిన దాని జ్ఞాపకాలు.

వేగం మారితే వెలుగు కూడా మారుతుంది. షట్టరు సగం తెరచి ఉన్నప్పుడు 16 ఫ్రేముల వేగంలో ఒక్కొక్క ఫ్రేముకు సెకనులో 32వ వంతు కాలం వెలుగు సోకుతుంది. 12 ఫ్రేముల వేగంలో 24వ వంతు కాలం సోకుతుంది. సంధ్యవేళ వెలుగు తగ్గినప్పుడు నెమ్మదిగా తిప్పి చిత్రాన్ని రక్షించుకొనే వీలు ఉండేది. అయితే నటుని నడక కృత్రిమంగా మారే ప్రమాదం వెంట ఉండేది. చేయి తడబడితే ఒక ఫ్రేము ముదురుగా, మరొకటి లేతగా వచ్చి తెరపై మినుకుమినుకుమనే దోషం ఏర్పడేది. అందుకే ఛాయాగ్రాహకులు తెలిసిన పాట వరుసను లోలోపల పాడుకొంటూ లయ తప్పకుండా తిప్పడం అలవరచుకొనేవారు.

అనేక కెమెరాలలో పిడిని మరొక ఇరుసుకు మార్చితే ఒక చుట్టుకు ఒకే ఫ్రేము నడిచేది. పిడిని వెనక్కి తిప్పే వీలు కూడా ఉండేది. మనిషి మాయం కావడం, ఒకే నటుడు రెండు పాత్రలలో కనిపించడం, దృశ్యం మరొక దృశ్యంలో కరిగిపోవడం మొదలైన చమత్కారాలన్నీ కెమెరాలోనే, పిడి చుట్లను లెక్కపెట్టుకొంటూ సాధించినవి. పౌరాణిక చిత్రాలకు ఈ విద్య ప్రాణాధారమైంది.

9. భారతదేశంలో చేతిపిడి కెమెరా:

దాదాసాహెబ్ ఫాల్కే 1912లో లండన్ వెళ్లి విలియంసన్ కెమెరాను, ఫిల్ముకు రంధ్రాలు చేసే యంత్రాన్ని, ఇతర పరికరాలను సమకూర్చుకొన్నాడు. అప్పట్లో ఫిల్ము రంధ్రాలు లేకుండా కూడా వచ్చేది. చీకటిగదిలో దానికి రంధ్రాలు చేసే శ్రమలో ఆయన భార్య సరస్వతీబాయి పాలుపంచుకొన్నది. చిత్రనిర్మాణానికి పెట్టుబడి సంపాదించడం కోసం ఫాల్కే ముందుగా బఠానీ మొక్క పెరిగే తీరును చిత్రించి చూపాడు. రోజుల తరబడి విడివిడిగా తీసిన ఫ్రేములు తెరపై కొద్ది క్షణాలలో మొలకెత్తే మొక్కగా మారాయి. చేతిపిడి కెమెరా కాలాన్ని ఎలా కుదించగలదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే భారతీయ ఉదాహరణ దొరకదు. 1913 మే 3న బొంబాయిలోని కారొనేషన్ థియేటరులో విడుదలైన ‘రాజా హరిశ్చంద్ర’కు పిడి తిప్పినవాడు త్ర్యంబక్ తెలంగ్.

మద్రాసులో ఆర్. నటరాజ ముదలియార్ పూనాలో స్టీవర్ట్ స్మిత్ అనే ఆంగ్ల ఛాయాగ్రాహకుని వద్ద కెమెరా నడపడం నేర్చుకొని, విలియంసన్ కెమెరాను సంపాదించి ‘కీచకవధం’ తీశాడు. దక్షిణభారతంలో కథాచిత్రనిర్మాణానికి అది నాంది.

తెలుగువారి సంబంధం ప్రదర్శన యంత్రం వైపు నుంచి మొదలైంది. మచిలీపట్నంలో జన్మించి మద్రాసులో ఛాయాచిత్రకారునిగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్‌ను తెప్పించి చిత్రప్రదర్శనలు ఇచ్చాడు. గ్రామఫోను రికార్డుతో చిత్రాన్ని జతకూర్చే ఆ యంత్రంలో చిత్రవేగం రికార్డు వేగానికి లోబడి ఉండాలి. చేతివేగపు స్వేచ్ఛకు శబ్దం విధించే హద్దు దక్షిణాది ప్రేక్షకుల ముందుకు ఆనాడే వచ్చిందన్నమాట. ఆయన కుమారుడు ఆర్. ప్రకాష్ విదేశాలలో చిత్రనిర్మాణ శిక్షణ పొంది వచ్చి, 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పేరిట ‘భీష్మప్రతిజ్ఞ’ తీశాడు. ఆ చిత్రం ప్రతి నేడు లభించడం లేదు.

10. ఫిల్ముపై లేని అంకె:

చేతిపిడి కెమెరా మిగిల్చిన పరిశోధనసమస్య ఇక్కడ మొదలవుతుంది. ఫిల్మును చూసి ఫ్రేములను లెక్కించవచ్చు, పొడవును కొలవవచ్చు. పిడి ఏ వేగంతో తిరిగిందో ఫిల్ము చెప్పదు. 1,000 అడుగుల ఫిల్ము 16 ఫ్రేముల వేగంలో 16 నిమిషాల 40 సెకన్లు, 20 ఫ్రేముల వేగంలో 13 నిమిషాల 20 సెకన్లు, 24 ఫ్రేముల వేగంలో సుమారు 11 నిమిషాల 7 సెకన్లు నడుస్తుంది. అమెరికాలో సొసైటీ ఆఫ్ మోషన్ పిక్చర్ ఇంజనీర్స్ కెమెరాకు నిమిషానికి 60 అడుగుల వేగాన్ని ప్రమాణంగా సూచించినా, ఆచరణలో ఛాయాగ్రాహకులు, ప్రదర్శకులు దానిని తమతమ అవసరాల మేరకు మార్చుకొన్నారు. శబ్దచిత్రాలు వచ్చిన తరువాతనే 24 ఫ్రేముల వేగం స్థిరపడింది. స్వరస్థాయి మారకుండా ఉండాలంటే వేగం మారకూడదు. అందువల్ల మోటారు తప్పనిసరి అయింది.

‘రాజా హరిశ్చంద్ర’ పొడవు 3,700 అడుగులని, నిడివి 40 నిమిషాలని చరిత్రగ్రంథాలలో సాధారణంగా కనిపిస్తుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడాలి. 3,700 అడుగులు 24 ఫ్రేముల వేగంలో సుమారు 41 నిమిషాలు నడుస్తాయి. 16 ఫ్రేముల వేగంలో 61 నిమిషాల 40 సెకన్లు, 18 ఫ్రేముల వేగంలో దాదాపు 55 నిమిషాలు నడుస్తాయి. అంటే 40 నిమిషాలన్న లెక్క శబ్దచిత్రాల వేగానికి సరిపోతుంది గాని, 1913 నాటి చేతివేగానికి సరిపోదు. పొడవు సరియైనదే అయితే ఆనాటి ప్రేక్షకులు చూసిన చిత్రం దాదాపు గంటసేపు సాగి ఉండాలి. మూకీ చిత్రాలలో మనుషులు తొందర తొందరగా, బొమ్మల్లా నడుస్తారన్న నేటి అభిప్రాయానికి కూడా ఇలాంటి వేగభేదమే ముఖ్యకారణం. ఆ తొందర చాలా సందర్భాలలో నటులది గాని ఛాయాగ్రాహకునిది గాని కాదు, తరువాతి కాలపు యంత్రాలది.

వేగాన్ని నిర్ణయించడానికి కొన్ని ఆధారాలు లేకపోలేదు. పైనుంచి పడే వస్తువు గురుత్వాకర్షణ నియమానికి లోబడి అరసెకనులో సుమారు 1.2 మీటర్లు పడుతుంది. అంత దూరం పడటానికి ఎనిమిది ఫ్రేములు పడితే వేగం 16, పది పడితే 20 అని అంచనా వేయవచ్చు. నడక, గుర్రపు పరుగు, నీటిధార, వస్త్రాల కదలిక తోడ్పడే ఇతర ఆధారాలు. ఫిల్ము రంధ్రాల ఆకృతి, ఫ్రేము అంచుల గుర్తులు ఏ యంత్రాలు వాడారో సూచిస్తాయి. లూమియేర్ ఫిల్ములో ఫ్రేముకు ఇరువైపులా ఒక్కొక్క గుండ్రని రంధ్రం మాత్రమే ఉంటుందన్నది ఇందుకు ప్రసిద్ధోదాహరణ. అయితే ఒకే చిత్రంలో దృశ్యానికి దృశ్యానికి చేతివేగం మారి ఉండవచ్చు కనుక ఒకే అంకెతో చిత్రమంతటినీ డిజిటలీకరించడం ఛాయాగ్రాహకుని ఉద్దేశాన్ని చెరిపివేయగలదు.

11. ముగింపు:

పై చర్చ నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

1. చేతిపిడి వెనుకబాటుకు గుర్తు కాదు. విద్యుత్ మోటారు ఉన్న కాలంలోనే తేలికదనం, స్వతంత్రత, వేగంపై అదుపు కోసం తయారీదారులు దానిని ఎంచుకొన్నారు.

2. ఒక్కొక్క తయారీదారుడు ఒక్కొక్క సమస్యకు సమాధానం వెదికాడు. లూమియేర్ యంత్రం సంచారానికి, పాతే నిడివికి, డెబ్రీ ఇముడుదనానికి, బెల్ అండ్ హోవెల్ కచ్చితత్వానికి, ఎకెలీ కదలికను వెంబడించడానికి ప్రాధాన్యమిచ్చారు. ఆయా చిత్రాల రూపంలో ఈ ప్రాధాన్యాలు కనిపిస్తాయి.

3. మూకీ చిత్రాలలో కాలగతి ఛాయాగ్రాహకుని సృజనలో భాగం. అందువల్ల ఆయనను యంత్రం తిప్పిన పనివానిగా పరిగణించడం సరికాదు.

4. మూకీ చిత్రాల నిడివిని నిమిషాలలో చెప్పేటప్పుడు ఏ వేగాన్ని ఆధారం చేసుకొన్నారో పేర్కొనాలి. వేగం తెలియనప్పుడు అడుగులలోని పొడవే నమ్మదగిన కొలత.

5. తెలుగువారి మూకీ చిత్రాల ప్రతులు దాదాపు అలభ్యమైన స్థితిలో కెమెరాలు, కొనుగోలు పత్రాలు, నిశ్చల ఛాయాచిత్రాలు, పత్రికాప్రకటనలలో ఇచ్చిన అడుగుల లెక్కలు విలువైన ఆధారాలవుతాయి. ‘ఎవరు తీశారు’ అన్న ప్రశ్నతో పాటు ‘ఏ యంత్రంతో, ఏ వేగంతో తీశారు’ అన్న ప్రశ్న కూడా వేసినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.